ఎనిమిదిసార్లు ‘ఇబ్బంది లేదు’

మార్చి 2

అమ్మడూ,

ఉత్తరం మొదట్లో ‘ఇక్కడ మేమంతా క్షేమం’ అని రాయాలని చిన్నప్పుడు మా నాన్న బెత్తం పట్టుకుని నేర్పాడు. మేమంతా అంటే ఇప్పుడు ఇద్దరమే. ఆ ఇద్దరిలో మీ అత్త కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. కాబట్టి ఇక్కడ సగం క్షేమం. స్నానాలగదిలో తడిమీద జారిందని చెప్పాను కదా, నెలాఖరుకి కట్టు విప్పుతారట. అందాకా వంట నాది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఎడమచేత్తో వేలు చూపిస్తూ ఉంటుంది, నేను కలుపుతూ ఉంటాను. ముప్పయ్యెనిమిదేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా ఎంతమంది ఇంజినీర్ల కింద పనిచేశానో గానీ, ఇంత వేలు ఎవరూ చూపించలేదు.

నా చెవి మిషనుకి మీ కంపెనీ ఎనిమిదో అప్‌డేట్ సోమవారం వచ్చింది. దాని వెనకాలే ఫారం. ‘కొత్త వెర్షన్‌తో ఏమైనా ఇబ్బంది ఉందా?’ అని. ప్రశ్న పూర్తిగా చదవకముందే ‘ఇబ్బంది లేదు’ మీద వేలు పెట్టేశాను. ఇప్పటికి మొత్తం ఎనిమిదిసార్లు. మా అక్క కూతురు చేసిన పనికి వంక పెట్టేవాడు ఈ ఇంట్లో లేడు. పోయిన నెల చెవి డాక్టరమ్మ దగ్గర కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన మీ కంపెనీ మిషన్ల గురించి ఏదో గొణిగాడు. “మిషను మీద పడతారేం, ముందు చెవులు శుభ్రం చేసుకోండి” అన్నాను. ఆయనకి వినబడలేదు. అందువల్ల గొడవ కాలేదు.

అన్నట్టు, అప్‌డేట్‌తో పాటు మీరు పంపే చీటీలో ‘చిన్నచిన్న లోపాలు సవరించాం’ అని తప్ప ఇంకేమీ ఉండదేం? నేనూ లిఫ్టు ముందు ‘మరమ్మతులో ఉంది’ అని బోర్డు పెట్టేవాణ్ణి. ఒక వకీలుగారు రోజూ దాన్ని పూర్తిగా చదివి, తర్వాత బటన్ నొక్కేవాడు. బోర్డు మిగతావాళ్ళ కోసం అనుకునేవాడు పాపం.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ మాట సగం నాకు అందదు, మిగతా సగం మీ అత్త తనకు నచ్చినట్టు మార్చి చెబుతుంది. ఉత్తరమే రాయి.

నీ పనికి ఎప్పుడూ అడ్డురాని
మావయ్య


మార్చి 8

మావయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివి గట్టిగా నవ్వాను. పక్క బల్లమీది అమ్మాయి నాకేదో అయిందనుకుంది.

నీకో మంచి వార్త. ఎనిమిదో వెర్షన్‌ని ఈ నెల 28న అందరికీ వదులుతున్నాం; ఆరోదీ ఏడోదీ ముందుగా వాడి చూసే మీలాంటి టెస్టర్ల దాకానే వచ్చాయి, వాటి మార్పులూ ఇందులోనే వెళ్తాయి. నీ మిషనుంది చూడు, బ్యాటరీ వేసే పాత రకం, అది వాడేవాళ్ళు నలభైవేలమంది ఉన్నారు. పద్ధతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు కదా. ఏ మార్పయినా ముందు ఆఫీసులో మేం చూసుకుంటాం. తర్వాత మీలాంటి మూడువందలమందికి పంపుతాం. రెండు వారాలు ఆగుతాం. విరిగేదేదో మీ దగ్గరే విరగాలి, మీరు మాకు చెప్పాలి, మేం ఆపాలి. ఎవరూ ఏమీ అనకపోతే అందరికీ వదులుతాం. వదలొచ్చని సంతకం పెట్టేది నేను. పాత రకం వాళ్ళ నుంచి ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మా పై అధికారి మహా సంతోషంగా ఉన్నాడు. ఆయన్ని మేం చాటుగా ‘రేపటాయన’ అంటాం. ఏ పని చెప్పినా “రేపటికల్లా” అంటాడు.

ఇంకో మాట, కోప్పడకు. ఇది వదిలాక నిన్ను టెస్టర్ల జాబితాలోంచి తీసేస్తాను. తొమ్మిదోది పెద్ద మార్పు, ఏదో ఒకటి తప్పకుండా విరుగుతుంది. కొత్త రకం మిషన్లయితే ఇంట్లోంచే వెనక్కి తిప్పొచ్చు. మీ పాత రకానికి ఆ దారి లేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, వైరు తగిలించి, పాత వెర్షన్ మళ్ళీ ఎక్కించాల్సిందే. నీకు డెబ్భైనాలుగు. అత్త చెయ్యి బాగాలేదు. నాకెందుకొచ్చిన భయం చెప్పు?

అత్తని చెయ్యి కదిలించొద్దని చెప్పు.

నీ అమ్మడు


మార్చి 13

అమ్మడుగారికి,

‘గారు’ ఎందుకు పెట్టానో నీకు తెలుసు.

నన్ను తీసేస్తావా? నేనేం తప్పు చేశాను? ఎనిమిదిసార్లు అడిగారు, ఎనిమిదిసార్లు జవాబిచ్చాను. ఆ జాబితాలో నా అంత క్రమశిక్షణ గలవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు. వయసైంది, పక్కన కూర్చో అని చెప్పడానికి ఇంత పెద్ద ఉత్తరం దేనికి?

ఒక సంగతి విను. తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టుకి కొత్త తాడు బిగించాను. యజమాని వచ్చి, “ముందు ప్యూన్ని ఎక్కించి చూద్దాం” అన్నాడు. “అయ్యా, బిగించింది ప్యూను కాదు కదా” అన్నాను. ఇసుక బస్తాలు ఎనిమిది లోపల వేసుకుని, తొమ్మిదో బస్తాలా నేను ఎక్కాను. అయిదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయింది. రెండు గంటలు. క్యారేజీ విప్పి అన్నం తిన్నాను. సంచిలో భూమి పుట్టుక గురించి ఒక పుస్తకం ఉంటే సగం చదివాను. రాళ్ళు ఎన్ని రకాలో, వాటి వయసు ఎలా లెక్కకడతారో నేను అక్కడే నేర్చుకున్నాను. నా చదువంతా ఇలా మధ్య అంతస్తుల్లోనే సాగింది. పైనుంచి యజమాని “భయంగా ఉందా?” అని అరిచాడు. “పుస్తకం అయ్యేదాకా లాగకండి” అని అరిచాను.

అలాంటివాణ్ణి పట్టుకుని ఏదో విరుగుతుందంటావా! విరగనీ. రోజూ పొద్దున్నే మిషను పెట్టుకున్నాక ఇరవై నిమిషాలు రెండు చెవులూ మూసుకుపోతున్నా నోరెత్తానా? ఎవరికైనా చెప్పానా? అంత ఓర్పున్న టెస్టరు నీకు ఎక్కడ దొరుకుతాడు?

జాబితాలోంచి నేను పోను. నువ్వు తీసేస్తే మీ రేపటాయనకి అర్జీ పెట్టుకుంటాను.

ఇంకా జాబితాలోనే ఉన్న
మావయ్య


మార్చి 17, కొరియర్‌లో

మావయ్యా,

ఏ ఇరవై నిమిషాలు?

ఎప్పటి నుంచి? ఏ అప్‌డేట్ తర్వాత మొదలైంది? రోజూనా? రెండు చెవులా?

నీ ఉత్తరం రాగానే, వద్దన్నా ఫోన్ చేశాను. అత్త తీసింది. “మీ మావయ్యనే అడుగు, నేను చెప్పను” అని పెట్టేసింది. అత్త గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

నువ్వు ఏం చేశావో తెలుసా? పాత రకం మిషనుతో మాకున్న టెస్టర్లు తొమ్మిదిమంది. ఇద్దరు కొత్త రకానికి మారిపోయారు. ఆరుగురు ఫారాలు నింపరు. మిగిలింది నువ్వు ఒక్కడివి. నువ్వు ‘ఇబ్బంది లేదు’ అంటే మా తెర మీద పాత రకం గడి ఆకుపచ్చగా మారుతుంది. ఆ పచ్చరంగు చూసే నలభైవేలమంది చెవుల్లోకి దీన్ని వదలబోతున్నాం. అందరూ రోజూ పొద్దున ఇరవై నిమిషాలు చెవిటివాళ్ళయితే, వెనక్కి తిప్పడానికి దేశంలో ఉన్న చెవి డాక్టర్లందరూ కలిసి కూర్చున్నా అయిదారు నెలలు పడుతుంది. అందులో ఒంటరిగా ఉండేవాళ్ళుంటారు. చంటిపిల్లల్ని చూసుకునేవాళ్ళుంటారు. నన్ను వెనకేసుకొచ్చానని నువ్వనుకున్నావు. నన్ను నమ్మినవాళ్ళందరినీ ముంచావు.

రేపటాయన దగ్గరికి వెళ్ళాను. “ఫారంలో ఇబ్బంది లేదని ఉంది కదా. మీ మావయ్య ఇంటి ఉత్తరం పట్టుకుని విడుదల ఆపమంటావా?” అన్నాడు. పదకొండు రోజులే ఉన్నాయి. నిజం రాసి పంపు. తారీకులతో. కథలు వద్దు.

అమ్మడు


మార్చి 20

అమ్మడూ,

తిట్టావు. తిట్టించుకున్నాను. ఇప్పుడు విను. కథలు వద్దన్నావు గానీ ఇది కథ కాదు.

ఇంటి పిల్ల పని మీద ఫిర్యాదు రాసి, దాన్ని పదిమంది పై అధికారులు చదువుతుంటే చూసే మేనమామని నేను కాను. అలా అనుకున్నాను. నీ సంతకానికి మచ్చ రాకూడదని అనుకున్నాను. ఆ ఫారంలో ‘మీకు’ ఇబ్బంది ఉందా అని అడిగారు. నేను ఓర్చుకోగలను, కాబట్టి నాకు లేదు. ఇలా నాకు నేనే వకీలునై వాదించుకున్నాను. గెలిచాను కూడా.

మీ అత్త తడిమీద జారలేదు.

ఫిబ్రవరి 11. పొద్దున ఆరుంపావు. అటక మీది డబ్బా కోసం స్టూలెక్కింది. స్టూలు ఒరిగింది. చెయ్యి కిందపెట్టి పడింది. నేను ముందుగదిలో పేపరు చదువుతున్నాను, వంటింటికి వీపు పెట్టి. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. “ఏవండీ, ఏవండీ” అని పావుగంట పిలిచిందట. నేను పేపర్లో ఎక్కడో ఆకాశంలో కొత్త తోకచుక్క కనబడిందని చదువుతున్నాను. శ్రద్ధగా, రెండుసార్లు. కాఫీ గ్లాసు కడుక్కుందామని లేచి వెళ్తే నేలమీద ఉంది. ఏడవడం లేదు. నా మొహం చూసి, “తోకచుక్క అయిందా?” అంది. అంతే. ఆ మాట నాకు పెదాల మీదే కనబడింది. చెవికి ఇంకో అయిదు నిమిషాలకి గానీ వినికిడి రాలేదు.

మర్నాడు ఫారం వచ్చింది. ‘ఇబ్బంది లేదు’ అన్నాను. మీ అత్త నా భుజం మీంచి చూసింది. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడదు. నీ పేరు చెడుతుందనే కదా అన్నాను. “పిల్ల పేరు కాపాడటానికి పిల్లకి అబద్ధం చెబుతారా?” అంది.  

అయితే ఒక్కటి చెప్పుకుంటాను. ఫారానికి అబద్ధం చెప్పాను గానీ నోటు పుస్తకానికి చెప్పలేదు. లిఫ్టు దగ్గర లాగ్‌బుక్కు ఉంటుంది. ఎప్పుడు ఆగింది, ఎప్పుడు కదిలింది, ఎవరు చూశారు అని రాసే పుస్తకం. ఉద్యోగం పోయినా ఆ అలవాటు చేతిని వదల్లేదు. మిషను పెట్టుకున్న ప్రతి రోజూ రాశాను. ‘6:15 పెట్టాను. 6:34 వినబడింది.’ జనవరి 24 నుంచి, అంటే మీ ఆరో అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచి. యాభై ఆరు రోజులు. ఒక్క రోజు కూడా వదల్లేదు. ముందు మీ ఫారంలోనే రాద్దామని చూశాను. మూడువందల అక్షరాలకే ‘ఇక చాలు’ అంది. నన్ను అంత త్వరగా నోరు మూయించిన వస్తువు ఈ మధ్య ఇంకొకటి లేదు.

పుస్తకమే పంపుతున్నాను. నకలు కాదు, అసలు. ఫిబ్రవరి 11 పేజీలో కాఫీ మరక ఉంటుంది. దాన్నేమీ చెయ్యకు.

మావయ్య


మార్చి 25

మావయ్యా,

అత్త సంగతి చదివాను. దాని గురించి ఉత్తరంలో రాయలేను. వచ్చినప్పుడు అత్త దగ్గర కూర్చుంటాను.

పుస్తకం అందింది. యాభై ఆరు రోజులూ తెరమీద ఎక్కించాను. గంటలో దొరికింది. నువ్వు పడుకునే ముందు బ్యాటరీ గూడు తెరిచి పెడతావు కదా, బ్యాటరీ ఎక్కువ రోజులు రావాలని? పొద్దున మూయగానే మిషను కొత్తగా నిద్రలేచి, అప్‌డేట్ ఏమైనా వచ్చిందా అని వెతుక్కుంటుంది. కొత్త రకానికి రెండు సెకన్లు పట్టే పని, మీ పాత రకానికి ఇరవై నిమిషాలు పడుతోంది. వెతికేంతసేపూ శబ్దం ఆపేస్తోంది. మా గదిలో పరీక్షకి పెట్టిన మిషన్లకి అసలు బ్యాటరీలే లేవు, గోడకున్న వైర్లతో నడుస్తాయి. వాటి గూడు ఎవరూ ఎప్పుడూ తెరవలేదు. అవి నిద్రపోవు. అందుకే నిద్రలేచేటప్పుడు ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ తెలియదు.

నిన్న పొద్దున పాత మిషన్లు రెండు తెచ్చి, చెవుల్ని పూర్తిగా మూసే అచ్చులతో నేనే రెండు చెవులకీ పెట్టుకుని గూళ్ళు మూశాను. పద్దెనిమిది నిమిషాలు. పక్క బల్ల అమ్మాయి నన్ను మూడుసార్లు పిలిచిందట.

రేపటాయనకి అంతా చూపించాను. ఆయన ఒక దారి చెప్పాడు. “టెస్టరు నిర్లక్ష్యంగా తప్పుడు నివేదిక ఇచ్చాడని రాసి సంతకం పెట్టు. విడుదల వారం ఆపుతాను. నీ బల్ల నీకుంటుంది. ఎవరికీ నష్టం లేదు” అన్నాడు. నేను పెట్టనన్నాను. నువ్వు తప్పు చెయ్యలేదని కాదు, చేశావు. కానీ తొమ్మిదిమందిలో ఒక్కడి మాట మీద నలభైవేలమందిని నిలబెట్టింది నేను. ఆ ఒక్కడు నా పేరు కోసం నాలుక కోసుకునే మేనమామ అని తెలిసి కూడా. ఆరుగురు జవాబివ్వకపోతే దాన్ని మేం ‘ఫిర్యాదు లేదు’ కింద రాసుకున్నాం. అది నీ అబద్ధం కన్నా పెద్దది. “ఈ మాటలన్నీ రాస్తే సంతకం పెడతాను, లేకపోతే 28న వదలడానికి కూడా నా సంతకం లేదు” అన్నాను. “అయితే సంతకం నేను పెట్టుకుంటాను” అన్నాడు. సాయంత్రానికి నన్ను విడుదల బల్ల నుంచి తీసి, చివరి గదిలో మరమ్మతుల వాళ్ళ దగ్గర కూర్చోబెట్టాడు. అందరూ శిక్ష అనుకుంటున్నారు. నేను మాత్రం వచ్చీరాగానే గోడవైర్లు పీకేసి, పాత మిషన్లన్నిటికీ బ్యాటరీలు వేశాను. గూళ్ళు తెరిచి వరసగా పడుకోబెట్టాను.

నువ్వు మాత్రం వెంటనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి పాత వెర్షన్ ఎక్కించుకో. ఈసారి నిజంగా జాబితాలోంచి తప్పుకో. బతిమాలుతున్నాను.

నీ అమ్మడు


మార్చి 30

అమ్మడూ,

తప్పుకోను. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది తీరిగ్గా చెప్పుకోవచ్చు.

నీ కొరియర్ 26న అందింది. రేపటాయనకి అర్జీ పెడతానని అప్పుడెప్పుడో బెదిరించాను కదా, నిజంగానే పెట్టాను. కొరియర్‌లో. నకలు మా చెవి డాక్టరమ్మకి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. నకలు నీకూ ఉండాలి గనక ముఖ్యమైన ముక్క రాస్తున్నాను: “అయ్యా, నేను మీకు ఎనిమిదిసార్లు ‘ఇబ్బంది లేదు’ అన్నాను, అందులో ఆరోది వచ్చాక చెప్పినవన్నీ అబద్ధాలు. నా పేరు, నా చిరునామా కింద ఉన్నాయి, నిర్లక్ష్యం అని కాకుండా అబద్ధం అనే రాసుకోండి. నేను నిర్లక్ష్యంగా ఏ పనీ చెయ్యను. నా నోటు పుస్తకం మీ కార్యాలయంలోనే ఉంది, అది నిజం చెబుతోంది. ఇది తెలిసి కూడా 28న వదిలితే, ఆ తర్వాతి అబద్ధం మీది. దానికి నా మేనకోడలు సంతకం పెట్టలేదని నలభైవేలమందికీ చెప్పడానికి నాకు బోలెడంత తీరిక ఉంది.”

డాక్టరమ్మ ముందు దాన్ని చదివి నవ్వింది. తర్వాత మీ అత్త చెయ్యి ఎలా విరిగిందో అడిగి తెలుసుకుని నవ్వడం మానేసింది. నా ముందే మీ కంపెనీకి ఫోన్ చేసి, “ఇది వదిలితే నా దగ్గరున్న రెండువందలమందికీ అప్‌డేట్ తీసుకోవద్దని రేపే చెబుతాను, తెలిసిన డాక్టర్లందరికీ చెబుతాను” అంది. నా చెవి మిషను ఆ సమయంలో బాగా పనిచేస్తోంది. ప్రతి మాటా విన్నాను.

28న సాయంత్రం టెస్టర్లందరికీ సందేశం వచ్చింది. ‘పాత రకానికి విడుదల నిరవధికంగా వాయిదా వేశాం. సహకరించినందుకు కృతజ్ఞతలు.’ కింద మీ రేపటాయన పేరు. నీ పేరు ఎక్కడా లేదు. మీ అత్త రెండుసార్లు వెతికింది. నీ బల్ల నీకు తిరిగి ఇవ్వలేదని అర్థమైంది. ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. పచ్చరంగు చూస్తూ కూర్చునే కుర్చీ కన్నా, గూళ్ళు తెరిచి మిషన్లని పడుకోబెట్టే చివరి గదే నీకు తగినది. ఈసారి ఇది నిన్ను వెనకేసుకురావడం కాదు. నువ్వు చేసింది చూసి చెబుతున్నాను.

డాక్టరమ్మ వైరు తీసి, పాత వెర్షన్ ఎక్కించేస్తానంది. వద్దన్నాను. నువ్వు మరమ్మతు చేసేది ఎవరి చెవిలో చూస్తావు? గూడు తెరిచి పడుకుని, గూడు మూసి లేచే మనిషి ఒకడు కావాలి కదా. అయితే ఊరికే మొండికెయ్యలేదు. స్టూలు అటక మీద పెట్టేశాను. దాన్ని దించాలంటే ఇంకో స్టూలు కావాలి, అది మన ఇంట్లో లేదు. ఆ ఇరవై నిమిషాలూ నేను వీపు పెట్టి కూర్చోను, మీ అత్తకి ఎదురుగా కూర్చుంటాను.

నిన్న ఆవిడ కట్టు విప్పారు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని ఏమిటనుకున్నావు? కొత్త నోటు పుస్తకం నా చేతిలోంచి లాక్కుంది. “మీకు వినబడనిది వినబడలేదని మీకెలా తెలుస్తుంది? నేను రాస్తాను” అంది. ఇవాళ పొద్దున ఇద్దరం విడివిడిగా రాశాం. నేను పందొమ్మిది నిమిషాలన్నాను, ఆవిడ ఇరవై ఆరంది. గడియారం టిక్కు వినబడగానే అయిపోయిందనుకున్నాను నేను. ఆ తర్వాత ఏడు నిమిషాలు ఆవిడ పిలుస్తూనే ఉందట. అంటే నేను పంపిన పుస్తకంలో యాభై ఆరు రోజులూ తక్కువే పడ్డాయి. సరిచేసుకో. ఇకమీదట నాలాంటివాణ్ణి టెస్టరుగా పెట్టుకుంటే, పక్కనున్న చెవులు బాగున్న మనిషిని కూడా జాబితాలో వెయ్యాలని మీ వాళ్ళకి చెప్పు. మీ అత్త పేరు నేనే రాసి పంపుతున్నాను. ఆవిడ ‘ఇబ్బంది లేదు’ అనే రకం కాదు, నలభయ్యేళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

ఇంకో సంగతి. పొద్దున ఆ ఇరవై ఆరు నిమిషాలూ ఆవిడ ఊరికే పేరు పెట్టి పిలవడం లేదు. ఎదురుగా కూర్చుని, నా మొహంలోకి చూస్తూ, ఆగకుండా ఏదో చెబుతోంది. మధ్యలో ఒకసారి చెయ్యి చూపించింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది, ఒకసారి నవ్వింది. వినికిడి రాగానే ఆపేసింది. ఏమన్నావని అడిగితే, “వినబడేటప్పుడు చెప్పే మాటలు కావు” అని లేచి వెళ్ళిపోయింది.

బాగుచేసిన వెర్షన్ ముందు నాకు పంపు. మొదటివాణ్ణి నేనే కావాలి. అది వచ్చిన మర్నాడు పొద్దున కూడా ఆవిడ మళ్ళీ ఎదురుగా కూర్చుంటుంది, నేనూ కూర్చుంటాను. వినబడుతోందని మాత్రం ఆవిడకి చెప్పను. ఆ ఒక్క అబద్ధానికి నువ్వు సంతకం పెట్టాలి.

మావయ్య